ఫాల్ట్ జాడ తెలియని చోట భూకంప ముప్పును లెక్కించేదెలా?

భూకంపాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 ఒకప్పుడు దేశాన్ని ఐదు జోన్లుగా విడగొట్టింది. 1984 నాటి సవరణలో మహారాష్ట్రలోని లాతూర్ జిల్లా జోన్ 1లో ఉంది. అంటే దేశంలో ముప్పు అన్నిటికన్నా తక్కువ ఉన్న జోన్ అది. అక్కడ భూమి కుదుపు 12 మెట్ల కొలమానంలో 5కు మించదని అంచనా. 5 అంటే నిద్రలో ఉన్నవాళ్లు లేస్తారు, వేలాడే వస్తువులు ఊగుతాయి, ఇళ్లు మాత్రం నిలబడే ఉంటాయి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు ఆ జిల్లాలోని కిల్లారి దగ్గర వచ్చిన కుదుపు అదే కొలమానంలో 8 దాటింది. వినాయక నిమజ్జనం ముగించుకుని ఇంటికొచ్చి పడుకున్న జనం నిద్రలోనే మట్టి కింద ఉండిపోయారు. మృతుల సంఖ్యను 8 వేల నుంచి 10 వేల దాకా చెబుతారు. భూకంప పరిమాణం, అంటే పుట్టిన చోట విడుదలైన శక్తికి కొలత, మాత్రం 6.2. జపాన్‌లో ఆ సైజు భూకంపం ఇంత ప్రాణనష్టం చేయడం ఊహించడం కష్టం.

ఇళ్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు మ్యాపు ఎందుకు అంత దారుణంగా తప్పింది అన్నది తేలాలి. దాన్ని తయారుచేసినవాళ్ల నిర్లక్ష్యం వల్ల కాదు. వాళ్ల దగ్గరున్న సమాచారం ప్రకారం కిల్లారి కింద ప్రమాదకరమైన ఫాల్ట్ ఏదీ లేదు. ఫాల్ట్ అంటే భూమి లోపల రాయి పగిలి, పగులుకు రెండు వైపులా ఉన్న భాగాలు ఒకదాని పక్కన ఒకటి జారే చోటు. కిల్లారిలో ఆ పగులు దక్కన్ నల్లరాతి పొరల కింద దాక్కుని ఉంది. భూకంపం తర్వాత హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) అక్కడ 617 మీటర్ల లోతు బోరు వేయించింది. 338 మీటర్ల దాకా లావా రాయే వచ్చింది, దాని కింద పలచటి మట్టి పొర, ఆ తర్వాత గానీ అసలైన పాత గట్టిరాయి తగల్లేదు. పైన నల్లరేగడి చేలు, కింద ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి లావా. వీటి మీద నడిచి చూసిన భూగర్భ శాస్త్రవేత్తకు కింది పగులు కనిపించే దారే లేదు.

ఫాల్ట్ తెలిసిన చోట లెక్క కొంత సూటిగా ఉంటుంది. హిమాలయాల్లో భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోస్తున్న భూమి పైపొర పలక, ఏడాదికి దాదాపు 2 సెంటీమీటర్ల చొప్పున ఇరుక్కుంటోందని జీపీఎస్ చెబుతుంది. ఫాల్ట్ ఎంత పొడవుందో, చివరిసారి ఎప్పుడు జారిందో, ఏడాదికి ఎంత ఒత్తిడి పేరుకుంటోందో తెలిస్తే, ఎంత పెద్ద భూకంపం సగటున ఎన్నేళ్లకోసారి రావచ్చో అంచనా వేయొచ్చు. ఏ రోజు వస్తుందో ఎవరూ చెప్పలేరు. కానీ ఇంజినీరుకు కావాల్సింది తేదీ కాదు, వచ్చే 50 ఏళ్లలో ఎంత కుదుపుకు సిద్ధపడాలన్న సంఖ్య.

దక్షిణ భారతంలో ఈ పద్ధతి మొదటి అడుగులోనే ఆగిపోతుంది. భారత ఫలకం మొత్తం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా కదులుతున్నా, అందులోని హైదరాబాద్‌కూ బెంగళూరుకూ మధ్య దూరం దాదాపు మారదు. అంటే ద్వీపకల్పం లోపల రాయి నలిగే వేగం జీపీఎస్ కొలిచే హద్దు దగ్గరే ఉంటుంది. ఒత్తిడి అంత నెమ్మదిగా పేరుకునే చోట ఒక ఫాల్ట్ రెండుసార్లు జారడానికి మధ్య వేల ఏళ్లు, ఒక్కోసారి పదుల వేల ఏళ్లు పట్టొచ్చు. ఆలోగా వాన, వాగు, నాగలి కలిసి పాత గుర్తును చెరిపేస్తాయి.

దీనికి ఉలిక్కిపడేలా చేసే ఉదాహరణ ఆస్ట్రేలియాలో ఉంది. 1988 జనవరి 22న ఆ దేశం నడిబొడ్డున టెనెంట్ క్రీక్ దగ్గర 12 గంటల్లో మూడు భూకంపాలు వచ్చాయి. పరిమాణాలు 6.3, 6.4, 6.7. నేల మీద 30 కిలోమీటర్లకు పైగా గట్టు లేచింది, గ్యాస్ పైపులైను వంగిపోయింది. తర్వాత ఆ గట్టుకు అడ్డంగా కందకాలు తవ్వి చూస్తే, పదుల వేల ఏళ్లుగా అక్కడ నేలను చీల్చేంత పెద్ద భూకంపం వచ్చిన ఆనవాలు దొరకలేదు. 1987లో అక్కడ చిన్న ప్రకంపనలు మొదలవకముందు ఎవరైనా ఆ ఫాల్ట్‌ను గుర్తించి ఉన్నా, చచ్చిపోయిన ఫాల్ట్ అని పక్కన పెట్టేసేవాళ్లే.

మరి ఫాల్ట్ తెలియనప్పుడు ముప్పును ఏ ఆధారంతో కడతారు? ఒక పెద్ద ప్రాంతాన్ని తీసుకుని, అందులో ఎక్కడైనా భూకంపం రావచ్చని ఒప్పుకుని, ఆ అవకాశాన్ని ప్రాంతమంతా పరుస్తారు. ఎంత తరచుగా అన్నది చిన్న భూకంపాల లెక్క నుంచి తీస్తారు. పరిమాణం ఒకటి పెరిగితే భూకంపాల సంఖ్య సుమారు పదో వంతుకు పడిపోతుందన్నది ప్రపంచమంతటా కనిపించే తీరు.

ఈ పద్ధతి ఏం చెబుతుందో, ఏం దాస్తుందో తెలియాలంటే అంకెలు వేసి చూడాల్సిందే. ఇవి ఊహా అంకెలు. లక్ష చదరపు కిలోమీటర్ల ప్రాంతం ఒకటి ఉందనుకుందాం. అందులో 4, ఆపై పరిమాణం ఉన్న భూకంపాలు సగటున రెండేళ్లకు ఒకటి వస్తాయి. అయితే 5 దాటేవి 20 ఏళ్లకు ఒకటి, 6 దాటేవి 200 ఏళ్లకు ఒకటి వస్తాయి. 6 దాటిన భూకంపం 15 కిలోమీటర్ల లోపు వస్తేనే ఒక ఊరు కిల్లారిలా కూలుతుందనుకుందాం. ఆ వలయం విస్తీర్ణం దాదాపు 700 చదరపు కిలోమీటర్లు, ప్రాంతంలో 0.7 శాతం. కాబట్టి ఆ ఊరికి అలాంటి రాత్రి సగటున 28 వేల ఏళ్లకు ఒకసారి. ఏ ఊరి సర్పంచికైనా ఈ అంకె చెబితే నవ్వి ఊరుకుంటాడు. అదే అంకెలతో ఇంకో ప్రశ్న వేయొచ్చు. వచ్చే 50 ఏళ్లలో ఆ ప్రాంతంలో ఎక్కడో ఒకచోట అలాంటి భూకంపం వచ్చే అవకాశం ఎంత? 22 శాతం. ఊరి వైపు నుంచి చూస్తే దాదాపు సున్నా. రాష్ట్ర ప్రభుత్వం వైపు నుంచి చూస్తే ఐదింట ఒక వంతుకు పైనే.

ఫాల్టులు తెలియని ప్రాంతాల విషయంలో జరిగే గందరగోళమంతా ఈ రెండు సంఖ్యల మధ్యే ఉంది. ప్రపంచంలో చాలా దేశాల డిజైన్ మ్యాపులు 50 ఏళ్లలో 10 శాతం అవకాశం ఉన్న కుదుపును ప్రాతిపదికగా తీసుకుంటాయి. అది సగటున 475 ఏళ్లకోసారి వచ్చే కుదుపు. 28 వేల ఏళ్లకోసారి వచ్చేది ఆ మ్యాపు కంటికి ఆనదు. అంటే, లెక్క అంతా సవ్యంగా వేసినా, కిల్లారి లాంటి చోటుకు మ్యాపు చిన్న అంకెనే ఇస్తుంది. అందుకే ఆ చిన్న అంకెను 'ఇక్కడ పెద్దది రాదు' అని చదవకూడదు. పెద్దది వస్తుంది, ఏ ఊరి కింద అన్నది తెలియదు, అందుకే అవకాశాన్ని అన్ని ఊళ్లకూ పంచితే ఒక్కో ఊరి వాటా ఇంతే వచ్చింది అన్నది దాని అసలు అర్థం.

అంకెలు ఇంకోచోట కూడా మోసం చేస్తాయి. ఒక ప్రాంతంలో రాగల అతిపెద్ద భూకంపం ఎంత? ఇక్కడ చాలాకాలంగా వాడుకలో ఉన్న సులువు దారి, ఇప్పటిదాకా వచ్చిన పెద్దదానికి 0.5 కలపడం. 1993 సెప్టెంబరుకు ముందు కిల్లారి పరిసరాల్లో పరికరాలకు దొరికిన పెద్దది 1992 అక్టోబరు 18న వచ్చిన 4.5 భూకంపం. ఈ సూత్రం ప్రకారం అక్కడ రాగల గరిష్ఠం 5. వచ్చింది 6.2, అంటే విడుదలైన శక్తి అరవై రెట్లకు పైగా ఎక్కువ. వేల ఏళ్లకోసారి కదిలే చోట వందేళ్ల రికార్డు చూసి గరిష్ఠాన్ని తేల్చడం కుదరని పని. దీనికన్నా నమ్మదగిన దారి ఉంది. భారత ద్వీపకల్పం, ఆస్ట్రేలియా, తూర్పు ఉత్తర అమెరికా, ఆఫ్రికాలోని పాత భాగాలు, ఇలా ఒకే రకం గట్టి భూఖండాలన్నిటినీ ఒక్కటిగా చేర్చి, వాటన్నిటిలో ఇప్పటిదాకా వచ్చినవి చూడటం. ఒక్క చోట వందేళ్లు చూసినదానికి బదులు అనేక చోట్ల వందేళ్లు చూసినట్టవుతుంది. అప్పుడు 6 నుంచి 7 మధ్య భూకంపం అలాంటి నేల మీద దాదాపు ఎక్కడైనా సాధ్యమేనని ఒప్పుకోక తప్పదు. ఒకప్పుడు నేల సాగి విడిపోయిన పాత చీలిక లోయలు ఉన్న చోట్ల అంతకన్నా పెద్దవి కూడా.

చరిత్ర రికార్డును కూడా జాగ్రత్తగా చదవాలి. భూగర్భ శాస్త్రవేత్త థామస్ ఓల్డ్‌హామ్ కూర్చిన భారత భూకంపాల పట్టిక 1883లో అచ్చయింది. ఆ కాలపు రికార్డుల్లో కంటోన్మెంట్లు, ఓడరేవులు, కలెక్టర్ కచేరీలు ఉన్న చోట్ల భూకంపాలు ఎక్కువగా కనిపిస్తాయి. గోదావరి అడవుల్లోనో తెలంగాణ పల్లెల్లోనో నేల కదిలితే దాన్ని రాసి పెట్టే మనిషి ఉండాలి కదా. అలా నమోదైన భూకంపాల మ్యాపు కొంతవరకు నమోదు చేసినవాళ్ల మ్యాపు కూడా.

అయినా చరిత్ర ఎంత మేలు చేయగలదో గుజరాత్‌లోని కచ్ చూపించింది. 1819లో అక్కడ వచ్చిన పెద్ద భూకంపానికి నేల పైకి లేచి పొడవాటి గట్టు ఏర్పడింది, జనం దాన్ని అల్లాబండ్ అన్నారు. ఆ జ్ఞాపకం ఉంది కాబట్టే కచ్‌ను అత్యధిక ముప్పు ఉన్న జోన్ 5లో పెట్టారు. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు కదిలిన ఫాల్ట్ మాత్రం నేల మీదికి రాని, అంతకుముందు ఎవరూ గుర్తించనిది. ఫాల్ట్ తెలియకపోయినా జోన్ సరిగ్గానే ఉంది. కిల్లారిలో ఫాల్ట్ తెలియదు, చరిత్రా తెలియదు. రెండూ లేని చోటే మ్యాపు పూర్తిగా గుడ్డిదైపోతుంది.

కిల్లారి తర్వాత జరిగిన తవ్వకాల్లో మరో సంగతి బయటపడింది. భూకంపం లేపిన గట్టుకు అడ్డంగా కందకాలు తవ్వితే పాత కదలికల ఆనవాళ్లు కనిపించాయని పరిశోధకులు రాశారు. అక్కడికి దగ్గర్లోనే తేర్ అనే ప్రాచీన పట్టణం ఉంది. శాతవాహనుల కాలంలో వ్యాపార కేంద్రం. అక్కడి పాత కట్టడాల్లోనూ పొరల్లోనూ సుమారు 1500 ఏళ్ల కిందటి భూకంపపు గుర్తులను వాళ్లు చూపించారు. ఇలాంటి ఆధారం మీద వాదనలు ఉంటాయి, ఉండాలి కూడా. కానీ పరికరాల రికార్డు వందేళ్లకు కాస్త పైన మాత్రమే ఉన్న దేశంలో పురావస్తు తవ్వకం వెయ్యేళ్ల వెనక్కి తీసుకెళ్తుంది. కోటగోడ ఎందుకు ఒరిగింది, బావి ఒర ఎందుకు పక్కకు జరిగింది అన్న ప్రశ్నను తవ్వకాల దగ్గర వేసే అలవాటు మన పురావస్తు శాఖలకు ఇంకా బాగా పట్టుబడాలి.

కిల్లారిలో ఇంకో సంకేతం కూడా ఉంది. 1992 ఆగస్టు నుంచి నెలల తరబడి అక్కడ చిన్న ప్రకంపనలు వస్తూనే ఉన్నాయి. టెనెంట్ క్రీక్‌లోనూ అంతే, 1987 జనవరిలో ఒక వరుస వచ్చింది. కాబట్టి చిన్న ప్రకంపనలు వస్తే పెద్దది ఖాయమా? అలా అనలేం. మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో 2018 నవంబరు నుంచి వేల ప్రకంపనలు వచ్చాయి, అయినా పెద్దది రాలేదు. హైదరాబాద్ బోరబండలో 2020 అక్టోబరులో జనం రాత్రిళ్లు రోడ్ల మీదే గడిపారు, అక్కడా అవి వాటంతటవే సద్దుమణిగాయి. ప్రకంపనల వరుస ఇచ్చే అసలు లాభం వేరు. అది నేల కింద ఉన్న పగులును చూపిస్తుంది. వెంటనే చుట్టూ పది పదిహేను సీస్మోగ్రాఫులు పెడితే, ప్రతి చిన్న ప్రకంపన పుట్టిన చోటును కొద్ది వందల మీటర్ల తేడాతో గుర్తించవచ్చు. అవన్నీ ఒక పలక మీద వరుసగా పడితే ఫాల్ట్ ఎటు వాలి ఉందో, ఎంత పొడవుందో తెలిసిపోతుంది. మహారాష్ట్రలోని కొయనా డ్యాము దగ్గర జరిగింది అదే. 1967 డిసెంబరు 11న, జలాశయం నిండటం మొదలైన ఐదేళ్లకు, 6.3 భూకంపం వచ్చింది. అంతకుముందు ఆ ప్రాంతానికి భూకంపాల బెడదే లేదని నమ్మేవారు. అప్పటి నుంచి దశాబ్దాలుగా దాన్ని గమనిస్తూ, చివరికి 3 కిలోమీటర్ల లోతు పరిశోధన బోరు వేసేదాకా వెళ్లారు. దక్కన్ లావా కింద ఇంత బాగా తెలిసిన చోటు ఇంకోటి లేదు. తెలియడానికి కారణం మాత్రం ముందు అక్కడ విపత్తు రావడమే. మ్యాపుల చరిత్ర కూడా ఇలాగే నడిచింది. కొయనా తర్వాత 1970లో ఒక సవరణ వచ్చింది. కిల్లారి తర్వాత 2002 సవరణలో జోన్ 1ను పూర్తిగా తీసేశారు, లాతూర్ జోన్ 3లోకి వెళ్లింది. మ్యాపు ప్రతిసారీ భూకంపం వెనకాలే నడిచింది.

తెలుగు నేల పరిస్థితి కిల్లారికి కొంత భిన్నం. గోదావరి లోయ స్వయంగా ఒక పాత చీలిక. సింగరేణి బొగ్గు ఉన్నది అందులోనే, అందుకే దాని అంచుల్లోని ఫాల్టులు భూగర్భ మ్యాపుల్లో బాగానే ఉన్నాయి. ఇక్కడి చిక్కు వేరే రకం. ఫాల్టులు బోలెడు తెలుసు, వాటిలో నేటికీ కదలగలవి ఏవో తెలియదు. ఆ చీలిక ఏర్పడినప్పుడు నేలను రెండు వైపులకూ లాగిన బలాలు ఇప్పుడు లేవు. హిమాలయాల దగ్గర ఢీకొట్టడం వల్ల ఇప్పుడు ద్వీపకల్పం మీద సుమారుగా ఉత్తర, ఈశాన్య దిశల నుంచి నొక్కుడు పడుతోంది. ఆ నొక్కుడుకు అనువైన కోణంలో ఉన్న పాత పగులే జారుతుంది, మిగతావి బిగుసుకుపోయి ఉంటాయి. కాబట్టి మ్యాపు మీది ప్రతి గీతనూ ప్రమాదంగా లెక్కపెట్టడం ఎంత తప్పో, గీత లేని చోటును క్షేమమనుకోవడం అంత తప్పు.

1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 వచ్చి, హైదరాబాద్, విజయవాడల దాకా జనాన్ని ఇళ్లలోంచి బయటికి పరుగెత్తించింది. దాని లోతును జాతీయ భూకంప కేంద్రం 40 కిలోమీటర్లుగా ప్రకటించింది. కిల్లారి భూకంపం పుట్టింది 10 కిలోమీటర్ల లోపే. లోతు ఎక్కువైతే కుదుపు దూరాలకు పాకుతుంది గానీ పైన ఉన్న ఊరి మీద దెబ్బ తగ్గుతుంది. అదే పరిమాణం 7 కిలోమీటర్ల లోతులో ఉంటే మేడారం చుట్టుపక్కల ఊళ్లలో ఆ ఉదయం వేరేలా ఉండేది. గోదావరి లోయకు బయట కూడా ఒంగోలులో 1967లో, సూర్యాపేట జిల్లా చింతలపాలెంలో 2020 జనవరిలో నేల కదిలింది. పాత గట్టి రాతిలో తరంగాలు త్వరగా చల్లబడవు, అందుకే మధ్యస్థం భూకంపం కూడా రెండు మూడు రాష్ట్రాలకు తెలుస్తుంది. భుజ్ కేంద్రానికి దాదాపు 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావరకు కింద అంతస్తు గోడల్లేకుండా పార్కింగ్‌కు వదిలేసినవే.

ఈ సంగతి హైదరాబాద్‌కు సూటిగా తగులుతుంది. ఐఎస్ 1893 2016 సవరణ ప్రకారం నగరం జోన్ 2లో ఉంది. కాంక్రీటు భవనంలో ఇనుము ఎలా కట్టాలో చెప్పే ఐఎస్ 13920 ప్రమాణం, దాని 2016 సవరణ ప్రకారం, జోన్ 3 నుంచి పైకి తప్పనిసరి, జోన్ 2లో ఐచ్ఛికం. ఇది సైటు మీద ఎలా కనిపిస్తుందంటే, పిల్లర్‌లో నిలువు రాడ్ల చుట్టూ వేసే రింగు కొసలను 90 డిగ్రీల దగ్గర ఆపితే, గట్టి కుదుపుకు పై కాంక్రీటు పెచ్చు ఊడగానే రింగు విప్పుకుంటుంది, రాడ్లు బయటికి ఉబ్బుతాయి, పిల్లర్ నలిగిపోతుంది. అదే కొసను 135 డిగ్రీలు వంచి లోపలి కాంక్రీటులోకి దిగేలా చేస్తే రింగు పట్టు వదలదు. ఇనుము దాదాపు అంతే, రాడ్ బెండర్ చేతిలో ఇంకో వంపు. ఫలానా ఫాల్ట్ కదులుతుందని తేలేదాకా ఈ వంపు కోసం ఆగాల్సిన పని లేదు. జోన్ 2లో దాన్ని ఐచ్ఛికంగా ఉంచడం వల్ల మిగిలేది చాలా తక్కువ, పోగలిగేది చాలా ఎక్కువ. కింద పార్కింగ్ పెట్టి ఐదు అంతస్తులు లేపే ప్రతి భవనానికైనా దాన్ని తప్పనిసరి చేయాలి.

అణు విద్యుత్ కేంద్రాలు, భారీ డ్యాములు, రసాయన కర్మాగారాల లెక్క వేరు. అక్కడ 475 ఏళ్ల కుదుపు సరిపోదు, వేల ఏళ్లకోసారి వచ్చేదాన్ని చూస్తారు. అయినా తెలియని ఫాల్ట్ అక్కడా మెడకు చుట్టుకుంటుంది. 2011 ఆగస్టు 23న అమెరికాలోని వర్జీనియాలో 5.8 భూకంపం వచ్చినప్పుడు, నార్త్ అన్నా అణు కేంద్రం దగ్గర కుదుపు డిజైన్ హద్దును దాటింది. కేంద్రానికి పెద్ద నష్టం జరగలేదు, డిజైన్‌లో ఉంచిన మిగులు కాపాడింది. మన గోదావరి లోయలో అశ్వాపురం దగ్గర భారజల కర్మాగారం ఉంది, థర్మల్ కేంద్రాలు ఉన్నాయి. ఇలాంటి చోట్ల ముప్పు నివేదికలో ఒకే ఒక్క అంకె రాసి ముగించడం సరికాదు. గరిష్ఠ పరిమాణం 6 అనుకుంటే కుదుపు ఎంత, 6.5 అనుకుంటే ఎంత, కుదుపు తగ్గే తీరుకు ఏ సూత్రం వాడితే ఎంత, ఒక్కో ఊహకు నిపుణులు ఎంత బరువు ఇచ్చారు, ఇవన్నీ విడివిడిగా కనిపించాలి. ఫాల్టులు తెలియని చోట ఆ అంకెల మధ్య తేడా రెండు మూడు రెట్లు ఉండొచ్చు. ఆ తేడా చూసి కంగారు పడక్కర్లేదు. దాన్ని సగటు వేసి మాయం చేస్తేనే ప్రమాదం.

ఇక కిల్లారిలో ప్రాణాలు తీసిన ఇళ్లు. రెండడుగులకు పైగా మందం ఉన్న రాతి గోడలు. లోపలి వరస, బయటి వరస విడివిడిగా పేర్చి, నడుమ రాళ్లముక్కలూ మట్టీ నింపారు. రెండు వరసలనూ కలిపి పట్టుకునే రాయి లేదు. పైన కొయ్య దూలాల మీద, ఎండ తగలకుండా, అడుగుకు పైగా మట్టి. నేల కదలగానే గోడ రెండుగా విడిపోయింది, టన్నుల కొద్దీ మట్టి మంచాల మీద పడింది. ఇలాంటి ఇళ్లను ఎలా కట్టాలో చెప్పే ఐఎస్ 13828 అదే 1993లో వచ్చింది. అది చెప్పే వాటిలో ముఖ్యమైనవి గోడ మందం అంతా పట్టేలా మధ్యమధ్య అడ్డంగా పొడవాటి రాళ్లు పెట్టడం, తలుపులు కిటికీల పైన ఇంటి చుట్టూ తెగకుండా ఒక కాంక్రీటు బెల్టు పోయడం. ఉన్న ఇంటికి కూడా గోడకు రంధ్రాలు చేసి, ఇనుప కడ్డీ పెట్టి కాంక్రీటు నింపి రెండు వరసలనూ కుట్టేయొచ్చు, పైకప్పు మీది మట్టి సగానికి తగ్గించొచ్చు. ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, అల్లూరి జిల్లాల్లో పాత రాతి, మట్టి గోడల బడులూ అంగన్‌వాడీలూ ఎన్ని ఉన్నాయో మండలాల వారీగా లెక్క తీసి, ఈ పనులు వాటితోనే మొదలుపెట్టవచ్చు. ఆ లెక్క తీయడానికి మండల ఇంజినీరు, ఒక టేపు, కొన్ని వారాల సమయం చాలు.